పిల్లలపై లైంగిక దాడి ఆరోపణ వస్తే సంస్థ ముందుగా ఎవరికి చెప్పాలి?

రాయపూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్లే రహదారిపై ఉన్న ధర్సీవా ఒక బ్లాకు కేంద్రం. సిల్తరా పారిశ్రామికవాడ దాని పరిధిలోనిదే. కర్మాగారాల పొగగొట్టాలు ఒక పక్క, వరి పొలాలు మరో పక్క కనిపించే ప్రాంతమిది. పొరుగునున్న రాయపూర్, భిలాయి పట్టణాలలో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. ఇటువంటి చోట వసతిగృహంలో ఉండి చదువుకునే ఒక బాలిక తనకు జరిగిన అన్యాయాన్ని వంటమనిషితో చెప్పుకున్నదని అనుకుందాం. ఆ మాట అక్కడి నుంచి ఎక్కడికి చేరాలి?

చట్టం చూపిన దారి చాలా దగ్గరిది. విన్న మనిషి స్థానిక పోలీసు ఠాణాకు తెలియజేయాలి. ఠాణా 24 గంటలలోగా బాలల సంక్షేమ కమిటీకి, ప్రత్యేక న్యాయస్థానానికి నివేదించాలి. ఆచరణలో మాత్రం ఆ మాట వార్డెన్ వద్దకు, వార్డెన్ నుంచి కార్యదర్శి వద్దకు, కార్యదర్శి నుంచి ట్రస్టు పెద్దల వద్దకు, ఒక్కోసారి ఊరి పెద్దల వద్దకు పోతుంది. ప్రతి మజిలీలోనూ ఒక ప్రశ్న ఎదురవుతుంది: "నిజమేనా? ముందు మనం కనుక్కుందాం." దేశంలో ఈ తరహా కేసులు చాలావరకు దారి తప్పినది ఈ ప్రశ్న దగ్గరే.

లైంగిక నేరాల నుంచి బాలల రక్షణ చట్టం (పోక్సో) 2012 నవంబర్ 14న అమలులోకి వచ్చింది. దాని సెక్షన్ 19 ప్రకారం నేరం జరిగిందని తెలిసిన వారే కాక, జరిగే అవకాశం ఉన్నదని భయపడిన వారు కూడా పోలీసులకు చెప్పవలసిందే. రుజువులు సేకరించి తీసుకురమ్మని చట్టం ఎవరినీ అడగలేదు. చెప్పకుండా దాచితే సెక్షన్ 21 కింద ఆరు నెలల వరకు జైలు గాని, జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. కింది ఉద్యోగి చేసిన నేరాన్ని సంస్థ అధిపతి దాచిపెడితే శిక్ష ఏడాది వరకు పెరుగుతుంది. విద్యాసంస్థ లేదా మతసంస్థ నిర్వాహకులు, సిబ్బంది తమ సంస్థలోని పిల్లలపై చేసే నేరాన్ని చట్టం మరింత తీవ్రమైనదిగా పరిగణిస్తుంది. 2019 సవరణ తరువాత ఇటువంటి అత్యాచారానికి కనీస శిక్ష 20 ఏళ్లు. నమ్మి అప్పగించిన బిడ్డ పట్ల ద్రోహాన్ని శాసనకర్తలు వేరుగా తూచారన్నమాట.

చట్టం వచ్చి రెండు నెలలైనా పూర్తిగా గడవకముందే, 2013 జనవరిలో, ఛత్తీస్‌గఢ్‌లోని కాంకేర్ జిల్లాలో ఒక ప్రభుత్వ గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాల ఉదంతం వెలుగుచూసింది. చిన్నవయసు బాలికలపై లైంగిక దాడుల ఆరోపణపై అక్కడి ఉపాధ్యాయుడు, కాపలాదారు అరెస్టయ్యారు. తరువాత న్యాయస్థానం వారిని దోషులుగా తేల్చింది. అడవి పల్లెల తల్లిదండ్రులు చదువు కోసం బిడ్డలను సర్కారు చేతిలో పెట్టారు. ఆ సర్కారు గోడల మధ్యనే ఇది జరగడం రాష్ట్రాన్ని కుదిపింది.

ఆ పాఠశాల పేరును ఇక్కడ రాయకపోవడం మరుపు వల్ల కాదు. బాధిత బాలల పేరు, చిరునామా, కుటుంబం, పాఠశాల, ఇరుగుపొరుగు వివరాలు ప్రచురించరాదని సెక్షన్ 23 శాసిస్తోంది. దీనిని ఎక్కువగా ఉల్లంఘించేది మేము, అంటే వార్తలు రాసేవాళ్లమే. బాలిక పేరు దాచి, ఊరు, తరగతి, తండ్రి వృత్తి రాసే వార్తలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. ఆ ఊరివారికి పేరు చెప్పడానికి అంతకంటే ఏం కావాలి?

తెలంగాణ సరిహద్దున, మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా రాజురా ప్రాంతంలో ఒక పాఠశాల వసతిగృహంలోని గిరిజన బాలికలపై దాడులు 2019లో బయటపడ్డాయి. ఆ బాలికలకు చికిత్స చేయడానికి నియమితుడైన వైద్యుడు విషయం తెలిసీ పోలీసులకు చెప్పలేదన్న అభియోగం నమోదైంది. బొంబాయి హైకోర్టు ఆ కేసును కొట్టివేయగా, 2022 నవంబర్ 2న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసింది. తెలిసి చెప్పకపోవడం తీవ్రమైన నేరమని, అది నేరస్థులను కాపాడే ప్రయత్నమే అవుతుందని పేర్కొన్నది.

ఇదే సుప్రీంకోర్టు 2018 ఆగస్టులో కేరళ వైద్యులకు ఊరట ఇచ్చింది. కొట్టియూర్ కేసులో ఒక క్రైస్తవ మతాధికారి మైనరు బాలికపై అత్యాచారం చేసిన నేరానికి 2019 ఫిబ్రవరిలో 20 ఏళ్ల శిక్ష పొందాడు. ఆ బాలికకు ప్రసవం చేసిన ఆసుపత్రి వైద్యులపైనా సమాచారం దాచారన్న అభియోగం మోపారు. తెలిసిన దానిని చెప్పడం బాధ్యతే గాని, తెలియని దానిని తవ్వి తీయడం సెక్షన్ 19 మోపిన బాధ్యత కాదని న్యాయస్థానం తేల్చింది. రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి చదివితే సంస్థల పాత్ర స్పష్టమవుతుంది. విచారణ భారం వాటిపై లేదు, మౌనంగా ఉండే హక్కూ వాటికి లేదు.

మతసంస్థలలో మరో చిక్కు ఉంది. నిందితుడు ఉద్యోగి మాత్రమే అయితే తొలగిస్తారు. గురువే అయితే తొలగించేవారు ఎవరు? ఆశారాం బాపు కేసులో బాలిక మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో ఆయన గురుకులంలో చదివేది. దాడి జరిగినది జోధ్‌పూర్ సమీపంలో. ఫిర్యాదు నమోదైనది మాత్రం 2013 ఆగస్టులో ఢిల్లీలోని కమలా మార్కెట్ ఠాణాలో, జీరో ఎఫ్‌ఐఆర్‌గా. తరువాతి ఏళ్లలో ఆశారాం, ఆయన కుమారుడిపై కేసుల సాక్షులు వరుసగా దాడులకు గురయ్యారు, కొందరు హతులయ్యారు. 2018 ఏప్రిల్ 25న జోధ్‌పూర్ న్యాయస్థానం ఆయనకు యావజ్జీవ శిక్ష విధించింది. వసతిగృహ వార్డెన్‌కూ శిక్ష పడింది. ఈ కేసుల సాక్షులకు రక్షణ కోరుతూ దాఖలైన పిటిషన్‌పైనే 2018 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే సాక్షుల రక్షణ పథకాన్ని ఆమోదించింది.

2023 జూన్‌లో విశాఖపట్నంలోని ఒక ఆశ్రమ నిర్వాహకుడిని, అక్కడ ఆశ్రయం పొందుతున్న మైనరు బాలికపై అత్యాచారం ఆరోపణపై పోలీసులు అరెస్టు చేశారు. ఆ ఫిర్యాదు నమోదైనది విజయవాడలో. రెండు ఉదంతాలలోనూ బాధితుల మాట ఆశ్రమ ప్రాంగణం దాటి, వందల కిలోమీటర్ల దూరంలోని మరో నగరంలో పోలీసుల చెవిన పడింది. ఇది యాదృచ్ఛికమని అనుకోవడం కష్టం. పలుకుబడి ఉన్నచోట గొంతు పెగలదు. 2024 జూలై నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత, నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు స్వీకరించాలన్న నియమాన్ని చట్టంలోనే చేర్చింది.

ప్రభుత్వ వ్యవస్థల వైఫల్యం మరో రకం. అక్కడ తనిఖీలు ఉంటాయి, సంతకాలు ఉంటాయి. పిల్లల సంరక్షణ గృహాలన్నీ నమోదు కావాలని, కనీసం మూడు నెలలకొకసారి ఒక మహిళ, ఒక వైద్యాధికారి ఉన్న బృందం తనిఖీ చేయాలని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెబుతోంది. బిహార్‌లోని ముజఫర్‌పూర్ బాలికల గృహం ప్రభుత్వ నిధులతో నడిచింది, అధికారులు వచ్చిపోతూనే ఉన్నారు. అయినా నిజం బయటకు తెచ్చినది టాటా సామాజిక శాస్త్రాల సంస్థ బృందం జరిపిన సామాజిక తనిఖీ. బయటివారైన ఆ బృందం పిల్లలతో కూర్చుని మాట్లాడింది. దస్త్రం చూసిన అధికారికి దస్త్రమే కనిపిస్తుంది. 2018 మే 31న కేసు నమోదైంది, 2020 జనవరిలో ఢిల్లీ న్యాయస్థానం 19 మందిని దోషులుగా తేల్చింది.

హైదరాబాద్‌లో 2022 అక్టోబర్‌లో ఒక ప్రైవేటు పాఠశాలలో పసిపిల్లపై దాడి జరిగినప్పుడు ప్రభుత్వం వెంటనే పాఠశాల గుర్తింపు రద్దు చేస్తున్నట్టు ప్రకటించింది. మా పిల్లలు ఎక్కడ చదవాలని మిగిలిన తల్లిదండ్రులు నిలదీయడంతో తిరిగి తెరిచేందుకు అనుమతించింది. నిందితుడైన డ్రైవరుకు 2023 ఏప్రిల్‌లో 20 ఏళ్ల శిక్ష పడింది, ప్రిన్సిపాల్ నిర్దోషిగా విడుదలయ్యారు. తాళం వేయడం కోపాన్ని చల్లార్చవచ్చు. కాని సిబ్బంది పూర్వాపరాలను పోలీసుల ద్వారా ఎప్పటికప్పుడు పరిశీలించాలన్న 2020 పోక్సో నిబంధన పాటించారా లేదా అన్న ప్రశ్నకు తాళం జవాబు చెప్పదు.

ఆలస్యం పిల్లల వైపు నుంచీ ఉంటుంది, దానిని అబద్ధానికి గుర్తుగా చూడరాదు. ఆస్ట్రేలియాలో 2013 నుంచి 2017 వరకు పనిచేసిన రాయల్ కమిషన్ ఎదుటకు వచ్చిన బాధితులు, జరిగినది తొలిసారి మరొకరితో చెప్పడానికి సగటున 23.9 ఏళ్లు పట్టిందని తేలింది. భారత స్త్రీ శిశు అభివృద్ధి మంత్రిత్వశాఖ 2007లో ప్రచురించిన అధ్యయనంలోనూ దాడికి గురైన పిల్లలలో అత్యధికులు ఎవరికీ చెప్పలేదు.

ఫిర్యాదు అందిన తరువాత బాలల వాంగ్మూలాన్ని వారి ఇంటివద్ద లేదా వారు కోరుకున్న చోట, సాధ్యమైనంతవరకు మహిళా ఎస్‌ఐ, యూనిఫాం లేకుండా నమోదు చేయాలి. రాత్రివేళ ఏ బిడ్డనూ ఠాణాలో ఉంచరాదు. హైదరాబాద్‌లో 2016లో మొదలైన భరోసా కేంద్రం పోలీసు, వైద్య, న్యాయ సహాయాలను ఒకే కప్పు కిందికి తెచ్చింది. కేసు నడిచినంతకాలం బిడ్డ వెంట ఉండడానికి సహాయక వ్యక్తిని బాలల సంక్షేమ కమిటీ నియమించవచ్చు. తక్షణ అవసరాలకు డబ్బు ఇప్పించే అధికారమూ ఆ కమిటీకి ఉంది.

ధర్సీవాలోని వంటమనిషికైనా, విశాఖలోని భక్తుడికైనా వర్తించే మరో నియమం సెక్షన్ 19లోనే ఉంది. సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవారిపై సివిల్ గాని, క్రిమినల్ గాని బాధ్యత మోపరాదు. సమాచారాన్ని మాటగా చెప్పినా పోలీసులు రాసుకుని, చెప్పినవారికి చదివి వినిపించాలి. పిల్లల సహాయ సంఖ్య 1098 రాత్రింబవళ్లు ఉచితంగా పనిచేస్తుంది. అత్యవసరమైతే 112కు ఫోన్ చేయవచ్చు.