చెలిమె ఎంతో పెంట అంత

జర ఆ మొద్దు ఎగదొయ్యి బిడ్డా, మంట చల్లబడుతున్నది. నల్లమల ముచ్చట అడిగితివి గదా, ఇను.

ఈ కొండల వరుస పెన్న దిక్కు నుంచి ఉత్తరానికి నడిచొస్తది. నడుమ కృష్ణమ్మ దాన్ని కోసుకుంట పారుతది. ఏటికి ఆవల భైరానికొండ. ఈవల మన అమ్రాబాద్ గుట్టలు. వీటికి రెండు మెట్లున్నయి. కింది మెట్టు మీద మన్ననూరు, అమ్రాబాద్, సేద్యం చేసుకునే ఊర్లు. పైమెట్టు ఫరహాబాద్ దిక్కు. అక్కడికెల్లి అడివే. అప్పాపూర్, రాంపూర్, మల్లాపూర్, అన్నీ చెంచు పెంటలే.

పెంట అంటే పెద్ద ఊరనుకునేరు. గుట్టకొకటి, వాగుకొకటి, కొన్ని గుడిసెలు, గంతే. ఎందుకట్ల అని మా నాయినను అడిగిన. "పైనంతా బండరా, వాన పడ్డది పడ్డట్టే లోయల్లకు ఉరుకుతది. కృష్ణ కండ్లకు కనపడ్తది గాని కడవకు అందది" అన్నడు. ఊట యాడుంటే పెంట ఆడ. చెలిమెల నీళ్లు ఎందరికి సరిపోతయో అందరే. ఎండలు ముదిరితే గుడిసెలిడిచి లోయకు దిగేటోళ్లు, వానలకు మళ్ల పైకొచ్చేటోళ్లు.

తిండిగ్గూడ అదే లెక్క. చైత్రంల ఇప్పపువ్వు, ఎండకాలం మొర్రిపండ్లు, తునికిపండ్లు, కర్రతోని తవ్విన గడ్డలు. ఒక్కో ఇంటిపేరోళ్లకు ఒక్కో అడివి. గట్టు, వాగే వాళ్ల హద్దులు. తేనెకైతే కొండచరియ మీద తాడుకు వేలాడాలె. పైన తాడు పట్టేది బావమరిది. అక్కనో చెల్లెనో ముండమోస్తదన్న భయంతోనన్న చెయ్యి వదలడు!

1940ల హైమన్‌డార్ఫ్ అనే దొర వచ్చి, ఈ చెంచుల నడుమనే ఉండి పుస్తకం రాసిండు. నిజాం జమానా అది. తర్వాత శ్రీశైలం రోడ్డు పక్క దోమలపెంట, ఈగలపెంట పెద్దగయినయి. పేర్లల్ల మాత్రం పెంట చానా ఏండ్లు మిగిలి ఉండె.

చైత్ర పున్నమికి ఈ అడివిల సలేశ్వరం జాతరకు జనం లోయల్లకు దిగుతరు. లింగమయ్యకు పూజ చేసేది చెంచులే. ఎండకాలం గూడ ఆ గుండంల నీళ్లు పడుతనే ఉంటయి. దేవుడు గూడ నీళ్లున్న కాడే కూసున్నడు సూడు.

రేపు మీరు అటు పోతే, "ఇంత చిన్న ఊరేంది" అని నవ్వకుండ్రి. "నీళ్లు యాడ తెచ్చుకుంటరు" అని అడుగుండ్రి. గుడిసెలు గన్నే ఎందుకున్నయో వాళ్లే చెప్తరు.