తెలుగు భాషా దినోత్సవం

తెలుగు భాషా దినోత్సవం ప్రతి సంవత్సరం ఆగస్టు 29న జరుపబడుతుంది. వ్యావహారిక భాషోద్యమ నాయకుడు గిడుగు వెంకట రామమూర్తి (1863-1940) జన్మదినమిది.

నేపథ్యం

20వ శతాబ్ది ఆరంభంలో తెలుగు పాఠ్యపుస్తకాలు గ్రాంథిక భాషలో ఉండేవి. విద్యార్థి తాను మాట్లాడే మాటను వ్రాస్తే అది తప్పుగా పరిగణింపబడేది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు, అప్పటికి లిపి లేని సవర భాషను నేర్చి అందులో వాచకాలు తయారుచేశారు. వాడుకలో ఉన్న భాషయే చదువుకు తగినదని ఆయన వాదించారు. గురజాడ అప్పారావు, శ్రీనివాస అయ్యంగారు, జె.ఎ.యేట్స్ ఆయనకు తోడు నిలిచారు. జయంతి రామయ్య పంతులు మొదలైనవారు వ్యతిరేకించారు. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం సమర్పించిన గురజాడ మరుసటి సంవత్సరమే మరణించారు. గిడుగు 1919లో "తెలుగు" పత్రికను స్థాపించి పోరాటం కొనసాగించారు. గ్రాంథికవాదుల రచనలలోనే వ్యాకరణ విరుద్ధ ప్రయోగాలను ఎత్తిచూపి, పండితులకే పట్టుబడని భాషను పిల్లలపై మోపడం తగదన్నారు.

రచయితలపై ప్రభావం

వాడుక భాషలో ఎంతటి రచన సాధ్యమో గురజాడ "కన్యాశుల్కం" (1897) ముందే చూపింది. కాలక్రమంలో కథ, నవల, పత్రికా రచన ఆ మార్గాన్నే అనుసరించాయి.

తెలంగాణలో

కోస్తా జిల్లాల శిష్ట వ్యావహారికం ప్రమాణంగా స్థిరపడడంతో ఇతర ప్రాంతాల నుడికారం చాలాకాలం చిన్నచూపుకు గురైంది. ప్రజల పలుకుబడియే రచనాభాష కావాలని కోరిన కవి కాళోజీ నారాయణరావు (1914-2002). ఆయన జన్మదినమైన సెప్టెంబరు 9ని తెలంగాణ రాష్ట్రం 2014 నుండి తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నది. పదకొండు రోజుల ఎడంతో వచ్చే ఈ రెండు దినోత్సవాలూ, తన ఇంటి మాటతో వ్రాయడానికి రచయితకు గల హక్కును గుర్తుచేస్తాయి.