మెట్‌పల్లికి ఎలక్ట్రానిక్స్ వచ్చిన దారి

1972 అక్టోబర్ 2న హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం, మనం జేఎన్‌టీయూ అనేది, మొదలైంది. మర్నాడు అక్టోబర్ 3న, ఉద్యోగాల్లో స్థానికులకే చోటిచ్చే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దాంతో జై ఆంధ్ర ఉద్యమం రాజుకుంది. ఆ గొడవలో కొత్త విశ్వవిద్యాలయం సంగతి జనం చెవిన పడి ఉంటుందని నేననుకోను. అయినా మన వైపు ఇంజినీరింగ్ చదువు కథ చెప్పాలంటే ఆ తేదీ దగ్గరే మొదలుపెట్టాలి.

అప్పుడు ముఖ్యమంత్రి పి.వి.నరసింహారావు. కరీంనగర్ జిల్లా మంథని ఎమ్మెల్యే. కాకినాడ, అనంతపురం ఇంజినీరింగ్ కాలేజీలు 1946లో పెట్టినవి, హైదరాబాద్‌లోని నాగార్జునసాగర్ ఇంజినీరింగ్ కాలేజీ 1965లోది. కోస్తా, రాయలసీమ, తెలంగాణల నుంచి ఒక్కొక్కటి చొప్పున ఈ మూడింటినీ, హైదరాబాద్ లలితకళల కాలేజీనీ కలిపి కొత్త విశ్వవిద్యాలయం చేశారు. అంతవరకు ఈ కాలేజీలు సాహిత్యం నుంచి న్యాయశాస్త్రం దాకా అన్నీ చూసుకునే విశ్వవిద్యాలయాల కింద ఉండేవి. ఇంజినీరింగ్‌కు సొంత విశ్వవిద్యాలయం ఉండాలన్న ఆలోచన దేశానికి కొత్త కాదు, రూర్కీలో 1949లోనే అది జరిగింది. మన రాష్ట్రానికి ఇంకో ఇరవై మూడేళ్లు పట్టింది.

ఆ మూడు కాలేజీలనూ మ్యాపు మీద గుర్తుపెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. హైదరాబాద్ దాటి పైకి, గోదావరి దాకా, ఒక్కటీ లేదు. మెట్‌పల్లి, కోరుట్ల, నిర్మల్ పిల్లలకు వరంగల్ ఆర్‌ఈసీ ఒక్కటే కాస్త దగ్గర. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన కాలేజీ అది. అక్కడ సీటు రాకపోతే హైదరాబాద్. మెట్‌పల్లి నుంచి 200 కిలోమీటర్ల పైమాటే. అద్దె గది, మెస్సు బిల్లు, ఊరికి రానూపోనూ చార్జీలు లెక్కేసుకున్నాక చాలా ఇళ్లలో ఆ మాట అక్కడితో ఆగిపోయేది. ఆడపిల్ల విషయంలోనైతే ఆ లెక్క వేసేదాకా కూడా పోయేది కాదు.

ఇక ఎలక్ట్రానిక్స్. 1946లో పెట్టిన కాలేజీల్లో ఉన్నవి సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్. రేడియో, వాల్వులు, వైర్‌లెస్ అన్నీ ఎలక్ట్రికల్ వాళ్ల పాఠాల్లోనే ఒక మూలన ఉండేవి. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో బార్డీన్, బ్రాటెన్ మొదటి ట్రాన్సిస్టర్‌ను పనిచేయించారు. 1958లో జాక్ కిల్బీ ఒకే ముక్క మీద సర్క్యూట్ మొత్తాన్ని కట్టి చూపించాడు. ఆ తర్వాత అది ఎలక్ట్రికల్ వాళ్ల మూలలో పట్టే చదువు కాదు. వేరే బ్రాంచి, వేరే ల్యాబులు, వేరే మాస్టార్లు కావాల్సి వచ్చాయి.

మన దేశంలో దానికి తొందర పెట్టింది యుద్ధం. 1962లో చైనాతో యుద్ధం ముగిశాక, 1963లో హోమీ భాభా అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ కమిటీ వేశారు. 1967లో హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ వచ్చింది. దాన్ని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావుది పశ్చిమ గోదావరి జిల్లా మొగల్లు. బెనారస్‌లోనూ స్టాన్‌ఫర్డ్‌లోనూ చదివి, ట్రాంబేలో అణుశక్తి సంస్థ ఎలక్ట్రానిక్స్ విభాగాన్ని నడిపిన మనిషి. ఆయన పేరు మీదే ఏఎస్ రావు నగర్. విదేశీ సాయం లేకుండా మన ఇంజినీర్లే చేయగలరన్న ఆయన నమ్మకం లేకపోతే హైదరాబాద్ ఎలక్ట్రానిక్స్ నగరం అయ్యేది కాదని నా అభిప్రాయం. ఫ్యాక్టరీ వస్తే ఇంజినీర్లు కావాలి, ఇంజినీర్లు కావాలంటే బ్రాంచి కావాలి. ఎలక్ట్రానిక్స్ బ్రాంచి, అంటే ఈసీఈ, సీట్లు అలా పెరుగుతూ వచ్చాయి.

ఆ ఫ్యాక్టరీలో తయారైన ఒక వస్తువు గురించి ఇక్కడ చెప్పాలి. 1977లో ఎన్నికల సంఘం ఈసీఐఎల్‌ను పిలిచి, ఓటు వేసే యంత్రం చేయగలరా అని అడిగింది. 1979కి నమూనా తయారైంది. 1980 ఆగస్టు 6న పార్టీల వాళ్ల ముందు పెట్టి చూపించారు. 1982 మే 19న కేరళలోని పరవూరులో 50 పోలింగ్ కేంద్రాల్లో మొదటిసారి వాడారు. చట్టంలో బ్యాలెట్ కాగితం తప్ప యంత్రం మాట లేదని 1984లో సుప్రీంకోర్టు ఆ ఎన్నికను కొట్టేసింది. 1988 డిసెంబరులో చట్టం మార్చాక గానీ యంత్రానికి దారి దొరకలేదు. యంత్రం చేయడానికి రెండేళ్లు పడితే, అది చెల్లడానికి దాదాపు పదేళ్లు పట్టింది.

మెట్‌పల్లి మాత్రం అప్పటికే ఎలక్ట్రానిక్స్‌ను ఇంకో దారిన చూసింది. దుబాయి, సౌదీ పోయినోళ్లు తెచ్చిన టేప్‌రికార్డర్లు, టూ-ఇన్-వన్‌లు. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ మొదలయ్యాక నెమ్మదిగా ఊళ్లకు చేరిన టీవీలు. వాటిలో ఈసీఐఎల్ చేసిన ఈసీ టీవీలూ ఉండేవి. అవి చెడిపోతే మెకానిక్ దుకాణమే దిక్కు. సోల్డరింగ్ ఐరన్ మొనకు ఫ్లక్స్ అంటించి, పొగ ఊదుతూ, ‘ఐసీ పోయింది, కరీంనగర్ నుంచి తేవాలె’ అని చెప్పే ఆ మెకానిక్కులకు ఏ డిగ్రీ లేదు. ఏ పార్టు పోయిందో చేతివేళ్లకు తెలుసు. ఎందుకు పోయిందో చెప్పే చదువు వాళ్ల దరిదాపుల్లో లేదు. ఆ రెండూ కలిసే చోటు మన జిల్లాలో లేకపోవడం పెద్ద నష్టమే. దాన్ని ఎవరూ లెక్కకట్టలేదు.

ఆ చోటు 2007లో వచ్చింది. కొండగట్టు దగ్గర, కొడిమ్యాల మండలం నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ, జగిత్యాల పేరుతో. ఆ మరుసటి ఏడు 2008లో జేఎన్‌టీయూను విడగొట్టారు. హైదరాబాద్, కాకినాడ, అనంతపురం వేర్వేరు విశ్వవిద్యాలయాలయ్యాయి, లలితకళల కాలేజీ కూడా సొంత విశ్వవిద్యాలయమైంది. జగిత్యాల కాలేజీ హైదరాబాద్ జేఎన్‌టీయూ వంతుకు వచ్చింది. తర్వాత మంథని పేరుతోనూ ఒక కాలేజీ వచ్చింది. పి.వి. ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు పుట్టిన విశ్వవిద్యాలయం ఆయన నియోజకవర్గానికి చేరడానికి పట్టిన కాలం ఎంతో చూడండి.

మెట్‌పల్లి బస్టాండులో ఎక్కితే కోరుట్ల, జగిత్యాల మీదుగా కొండగట్టు సుమారు 50 కిలోమీటర్లు. పొద్దున పోయి సాయంత్రం ఇంటికి రావచ్చు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకు టికెట్టు కూడా లేదు. బీడీలు చుట్టే తల్లి కూతురు ఈసీఈ చదవాలంటే ర్యాంకు ఎంత అవసరమో ఈ బస్సు దూరం కూడా అంతే అవసరం. ర్యాంకుల గురించి పేపర్లు రాస్తాయి గనుక నేను దూరం గురించి రాస్తున్నాను.

ఆ ప్రయాణం చివర ఆ పిల్ల చేతికి వచ్చేదేమిటి? ఎలక్ట్రానిక్ సర్క్యూట్ల ల్యాబ్‌లో బీసీ107 అనే ట్రాన్సిస్టర్. శనగగింజంత లోహపు టోపీ, కింద మూడు కాళ్లు. టోపీ అంచున చిన్న కొమ్ము ఒకటి పొడుచుకొని ఉంటుంది. దాని పక్క కాలు ఎమిటర్. తిరగేసి కాళ్ల వైపు నుంచి చూస్తే అక్కడి నుంచి గడియారం ముల్లు తిరిగే వైపున బేస్, కలెక్టర్. ఇది తప్పుగా గుచ్చితే అలను చూపించే సీఆర్ఓ తెర మీద గీత చదునుగా పడుకుంటుంది. సరిగ్గా గుచ్చి, ఫంక్షన్ జనరేటర్ నుంచి కొన్ని మిల్లీవోల్టుల సైన్ వేవ్ ఇస్తే, అవతల అదే అల ఎన్నో రెట్లు పెద్దదై, తలకిందులై కనబడుతుంది. ఇక ఫ్రీక్వెన్సీ మారుస్తూ రీడింగులు రాసుకోవాలి. తక్కువ ఫ్రీక్వెన్సీలో కెపాసిటర్లు అడ్డుపడి గెయిన్ తగ్గుతుంది, మధ్యలో నిలకడగా ఉంటుంది, బాగా పైకి పోతే ట్రాన్సిస్టర్ లోపలి కెపాసిటెన్స్ వల్ల మళ్లీ పడిపోతుంది. సెమీలాగ్ షీటు మీద ఆ వంపు గీసి, 3 డీబీ కిందికి గీటు పెడితే బ్యాండ్‌విడ్త్ వస్తుంది. రికార్డులో కాపీ కొడితే వంపు అందంగానే వస్తుంది. వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ‘బైపాస్ కెపాసిటర్ తీసేస్తే ఏమైతది?’ అని అడిగినప్పుడు మాత్రం బల్ల దగ్గర నిలబడిన వాళ్లకే జవాబు వస్తుంది.

ఇవాళ ఈసీఈలో చేరిన వాళ్లలో ఎక్కువమంది చూపు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీదే. వాళ్లను తప్పుపట్టను, ఇంటి పరిస్థితి అలాంటిది. ఆ బల్ల మాత్రం ఖాళీ కాకూడదు. అందుకు మెట్‌పల్లి నుంచే ఒక కారణం చూపిస్తాను.

2019 ఏప్రిల్ 11న నిజామాబాద్ లోక్‌సభ ఎన్నిక. కోరుట్ల, జగిత్యాల అసెంబ్లీ నియోజకవర్గాలు అందులోవే, కోరుట్లలో మెట్‌పల్లి ఉంది. పసుపు బోర్డు కోసం, పసుపుకూ ఎర్రజొన్నకూ గిట్టుబాటు ధర కోసం 170 మందికి పైగా రైతులు నామినేషన్లు వేయడంతో మొత్తం అభ్యర్థులు 185 మంది. నోటా కలిపితే 186. ఒక బ్యాలెట్ యూనిట్‌లో 16 మీటలు. పాత రకం యంత్రానికి నాలుగు యూనిట్లే కలుస్తాయి, అంటే 64 పేర్లు. అందుకే 24 యూనిట్ల దాకా కలపగల ఎం3 యంత్రాలు తెచ్చి, ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 యూనిట్లను వరసగా పేర్చారు. 192 మీటలు, ఒకే కంట్రోల్ యూనిట్. ఓటర్లు తమ గుర్తు ఎక్కడుందో వెతుక్కుంటూ ఆ బల్లల వెంట నడిచారు.

192 మీటల్లో ఏది నొక్కారో చెప్పడానికి ఎనిమిది బిట్లు చాలు. నాలుగు బిట్లు యూనిట్ నంబరుకు, నాలుగు ఆ యూనిట్‌లోని మీటకు. ఎన్‌కోడర్లు, డీకోడర్లు రెండో ఏడాది పిల్లలకు తెలిసినవే, ఐసీలూ ల్యాబ్ బీరువాలో ఉండేవే. నాచుపల్లి డిజిటల్ ల్యాబ్‌లో ఒక బ్యాచి పిల్లలు కూర్చొని, రెండు యూనిట్లతోనైనా సరే, బ్రెడ్‌బోర్డు మీద దీన్ని కట్టాలి. ఒక మీట పడ్డాక రెండోది పనిచేయకుండా ఆపే లాచ్ కూడా పెట్టాలి. తర్వాత దాన్ని మెట్‌పల్లి మార్కెట్ యార్డుకు తెచ్చి, ఆనాడు నామినేషన్ వేసిన రైతులకు విప్పి చూపించాలి.