బ్రైస్ యంగ్: నంబర్ వన్‌గా వచ్చాడు.. బెంచ్ మీద కూర్చున్నాడు! ఉంచాలా, వదిలేయాలా? ఫ్యాన్స్ గొడవేంటి?

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో కొన్నేళ్లుగా తెగని చర్చ ఒకటుంది. కరోలినా పాంథర్స్ క్వార్టర్‌బ్యాక్ బ్రైస్ యంగ్ నిజంగా ఆ టీమ్ భవిష్యత్తేనా? లేక టీమ్ తప్పు చేసిందా? షార్లెట్ నగరంలో ఇద్దరు ఫ్యాన్స్ కలిస్తే చాలు, మాట ఇక్కడికే వస్తుంది. ఇంతకీ ఏం జరిగిందో చూద్దాం.

క్వార్టర్‌బ్యాక్ అంటే?

టీమ్ దాడి మొత్తం నడిపించేది ఇతనే. బంతి అందుకుని ఎవరికి విసరాలో రెండు మూడు సెకన్లలో తేల్చాలి. గెలిస్తే హీరో, ఓడితే మొదటి తిట్టు కూడా అతనికే. క్రికెట్‌లో కెప్టెన్, ఓపెనర్ ఒక్కరే అయితే ఎంత ఒత్తిడి ఉంటుందో ఊహించుకోండి!

భారీ మూల్యం

అలబామా యూనివర్సిటీ తరఫున ఆడి 2021లో హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు యంగ్. కాలేజీ ఫుట్‌బాల్‌లో అంతకు మించిన అవార్డు లేదు. 2023 డ్రాఫ్ట్‌లో పాంథర్స్ వంతు తొమ్మిదోది. మొదటి వంతు కోసం షికాగో బేర్స్‌తో డీల్ కుదుర్చుకుంది. స్టార్ రిసీవర్ డీజే మూర్‌తో పాటు నాలుగు డ్రాఫ్ట్ వంతులు ఇచ్చేసింది. అందులో 2024 తొలి రౌండ్ వంతు కూడా ఉంది.

అసలు దెబ్బ ఇక్కడే తగిలింది. 2023లో పాంథర్స్ 17 మ్యాచ్‌ల్లో గెలిచింది రెండే. లీగ్‌లో అట్టడుగున నిలవడంతో ఆ వంతు కాస్తా మళ్లీ నంబర్ వన్ అయింది. దాంతో బేర్స్ కేలబ్ విలియమ్స్‌ను తీసుకుంది. మరోవైపు యంగ్ తర్వాత రెండో వంతులో హ్యూస్టన్‌కు వెళ్లిన సీజే స్ట్రౌడ్ అదే ఏడాది ఉత్తమ అఫెన్సివ్ రూకీగా నిలిచాడు. ఫ్యాన్స్‌కు కడుపు మండదా మరి!

రెండు మ్యాచ్‌లకే బెంచ్

2024లో కొత్త కోచ్ డేవ్ కనాలిస్ వచ్చాడు. తొలి రెండు మ్యాచ్‌ల్లో టీమ్ చేసింది మొత్తం 13 పాయింట్లే. అంతే, యంగ్‌ను పక్కనపెట్టి సీనియర్ ఆండీ డాల్టన్‌ను దించారు. డాల్టన్ మొదటి మ్యాచ్‌లోనే రైడర్స్‌పై 36-22తో గెలిపించాడు. యంగ్ పని అయిపోయిందన్నారంతా.

రెండు వైపులా వాదనలు

వద్దనేవాళ్ల మాట ఇదీ: ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలే. ముందున్న భారీకాయుల మీదుగా మైదానం కనిపించడమే కష్టం. పైగా విసురుడులో మెరుపు లేదు.

ఉంచాలనేవాళ్లు లెక్క తీస్తారు. తొలి ఏడాది యంగ్‌ను ప్రత్యర్థులు 62 సార్లు బంతితో సహా పడగొట్టారు. కాపాడాల్సిన లైన్ బలహీనం. మంచి రిసీవర్‌ను డీల్‌లోనే ఇచ్చేశారు. కోచ్ ఫ్రాంక్ రైక్‌ను సీజన్ మధ్యలోనే తీసేశారు. ఇన్ని తప్పులు టీమ్‌వి అయితే, శిక్ష కుర్రాడికా?

మళ్లీ అవకాశం

అక్టోబర్‌లో కారు ప్రమాదంలో డాల్టన్ బొటనవేలికి గాయమైంది. యంగ్ తిరిగొచ్చాడు. ఈసారి తడబాటు తగ్గింది. మ్యూనిక్‌లో జెయింట్స్‌పై, సీజన్ చివరి మ్యాచ్‌లో అట్లాంటాపై ఓవర్‌టైమ్‌లో గెలిపించాడు. 2025లో అదే అట్లాంటాపై 448 గజాలు విసిరి పాంథర్స్ రికార్డు కొట్టాడు. టీమ్ 8-9తోనే అయినా డివిజన్ గెలిచి ప్లేఆఫ్స్‌కు వెళ్లింది. అక్కడ రామ్స్ చేతిలో 34-31తో ఓడింది.

మరి చర్చ ముగిసిందా?

లేదు. కారణం డబ్బు. తొలి రౌండ్ ఆటగాళ్లకు నాలుగేళ్ల కాంట్రాక్ట్ ఉంటుంది. ఐదో ఏడాది ఉంచుకోవాలా వద్దా అన్నది మూడో సీజన్ తర్వాత టీమ్ తేల్చాలి. ఆపై దీర్ఘకాలిక ఒప్పందం అంటే జీతాల పరిమితిలో పెద్ద వాటా అతనికే పోతుంది. ఒక వారం అదరగొట్టి, మరో వారం తేలిపోయే ఆటగాడికి అంత ఇవ్వొచ్చా? వదిలేస్తే ఇంతకన్నా మంచోడు దొరుకుతాడా?

ఒక్కటి మాత్రం నిజం. 2024 సెప్టెంబర్‌లోనే యంగ్‌ను వదిలేసి ఉంటే, ఆ 448 గజాల రోజు పాంథర్స్ ఫ్యాన్స్‌కు దక్కేదే కాదు.