ఒకే కళాశాల, ఇద్దరు విద్యార్థులు

విజ్ఞాన పరిశోధనకు మన దేశం దశాబ్దాలపాటు ఇచ్చిన పెద్ద బహుమతి శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం. 1958లో దాన్ని మొట్టమొదట అందుకున్నవారు భౌతిక శాస్త్రవేత్త కె.ఎస్. కృష్ణన్. మన మదురై అమెరికన్ కళాశాలలో చదివినవారే.

అక్కడే చదివిన మరొకరు గోవిందప్ప వెంకటస్వామి. 1918లో వడమలాపురంలో, తెలుగు మాట్లాడే నాయుళ్ల ఇంట పుట్టారు. కీళ్లవాతంతో వేళ్లు వంకరపోయాయి. ఆ వేళ్లతోనే లక్షకు పైగా కంటి ఆపరేషన్లు చేశారు. ఉద్యోగ విరమణ అయ్యాక, 1976లో, మదురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి తెరిచారు. 1992లో అక్కడే ఆరోల్యాబ్ మొదలై, శుక్లాలు తీసిన కంటిలో అమర్చే కటకాలు తయారుచేసింది. దిగుమతి కటకం కొనలేని కూలివాడికీ అవి అందాయి. మా బడి పిల్లలు కృష్ణన్ పేరు పాఠంలో వింటారు, వెంకటస్వామి పేరు అమ్మమ్మల నోట వింటారు.

ఆయనకు 1973లో పద్మశ్రీ వచ్చింది. భట్నాగర్ రాలేదు. తరువాతి కాలంలో దానికి 45 ఏళ్ల వయోపరిమితి ఉండేది. యువ శాస్త్రవేత్తల కోసమంటే సబబే. మరి, అరవైకి దగ్గరపడ్డాక అసలు పని మొదలుపెట్టినవారి మాటేమిటి?

2024లో రాష్ట్రీయ విజ్ఞాన పురస్కారాలు వచ్చాయి. భట్నాగర్ పేరు యువ విభాగానికి ఉంచి, జీవితకాల కృషికి విజ్ఞాన రత్న పెట్టారు. వెంకటస్వామి 2006లోనే కన్నుమూశారు.