ఊడ్పు చేలో పాట ఎవరి పేరున?

పాత స్త్రీల పాటల సంపుటాలు తిరగేస్తూ ఉంటే ఒక సంగతి మెల్లగా ఇబ్బంది పెట్టడం మొదలవుతుంది. అట్ట మీద సేకర్త పేరుంటుంది. ముందుమాట రాసిన పండితుడి పేరు, అచ్చువేసిన ప్రెస్సు పేరు ఉంటాయి. పాడినామె పేరు మాత్రం దాదాపుగా కనిపించదు. జానపదం అందరిదీ కదా, కర్త ఎవరని ఎలా చెప్తామంటారు. సరే, అందరిదీ అయినది అట్ట మీదకొచ్చేసరికి ఒకరిదెలా అయింది?

కోనసీమలో నిలబడి ఈ ప్రశ్న వెయ్యడానికి కారణముంది. గౌతమికీ వసిష్ఠకీ మధ్యనున్న ఈ నేలకి 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కొత్త చరిత్ర ఇచ్చిందని అందరం చదువుకున్నాం. పి.గన్నవరం దగ్గర వైనతేయ మీదుగా కాలువనే దాటించిన అక్విడక్టు గురించి ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాం. కాటన్ దొర విగ్రహాలకు దండలు వేస్తాం. కానీ కాలువ నీళ్లు తమంతట తాము వరి నాటవు కదా! కాలువ వదిలాక ఊరంతటికీ ఒకేసారి పని. ఆకుమడి ముదిరిపోకముందే, దమ్ము చేసిన చేలన్నీ ఆ కొద్ది వారాల్లోనే ఊడ్చెయ్యాలి. ఆ పని చేసింది దళితవాడల నుంచి, శెట్టిబలిజ పేటల నుంచి తెల్లారకముందే బయల్దేరిన ఆడవాళ్లు. మోకాలి లోతు బురదలో నడుం వంచి, వెనక్కి వెనక్కి అడుగేస్తూ నాటారు. కోనసీమ పచ్చదనాన్ని వర్ణించిన కవులకి ఆ వంగిన నడుములు ఎందుకు కనబడలేదో!

ఊడ్పుల్లో పాట అలసట తెలియకుండా ఉండటానికే అనుకుంటాం. అది సగమే నిజం. ఒకామె పాట ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు అందుకుంటారు. చెయ్యి ఎంత వేగంగా కదలాలో ఆ ఎత్తుకునే గొంతు నిర్ణయిస్తుంది. కొత్తగా పెళ్లయి వచ్చిన పిల్లా, ముసలామె, బాలింతా ఒకే వరసలో ఉన్నప్పుడు ఎవరూ వెనకబడకుండా పని నడిపించడం చిన్న నేర్పు కాదు. గట్టు మీద గొడుగేసుకుని నిలబడ్డ కామందుకి వినపడేలాగే, తప్పు పట్టడానికి వీల్లేకుండా, బావ మీదో మరిది మీదో పెట్టి మాట విసరడమూ పాటలోనే కుదురుతుంది. కూలి సరిగ్గా కొలవలేదని ఎదురుగా అనలేని మాట పాటలో అనొచ్చు. ఇది నా దృష్టిలో శ్రమ చరిత్ర. మనవాళ్లు దాన్ని సాహిత్యంలో "శ్రామిక గేయాలు" అనే చిన్న విభాగంలో పెట్టి ఊరుకున్నారు.

సేకరణ జరగలేదని కాదు. 1874లోనే జె.ఎ.బాయిల్ అనే ఇంగ్లీషాయన తెలుగు వీరగాథల మీద వ్యాసం రాశాడు. ఏలూరులో నందిరాజు చలపతిరావు స్త్రీల పాటలు అచ్చువేశారు. గౌతమి ఆవలి ఒడ్డున దంగేరులో పుట్టిన చింతా దీక్షితులు (మనలో చాలామందికి ఆయన చలం లేఖలు అందుకున్న స్నేహితుడిగానే తెలుసు) పిల్లల పాటల్నీ జానపదుల పాటల్నీ ప్రేమగా పట్టించుకుని "ప్రజావాఙ్మయం" రాశారు. రాజమండ్రి పక్క కొంతమూరు వాడైన నేదునూరి గంగాధరం ఊళ్లు తిరిగి పాటలు పోగుచేశారు. 1955లో "కృష్ణశ్రీ" పేరుతో శ్రీపాద గోపాలకృష్ణమూర్తి "స్త్రీల రామాయణపు పాటలు" తెచ్చారు. బిరుదురాజు రామరాజు జానపద గేయాల మీద ఉస్మానియాలో పరిశోధన పూర్తిచేశారు. వీళ్ల కష్టాన్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. వీళ్లు లేకపోతే ఈ కాస్తా మిగిలేది కాదు.

ఆ రామాయణపు పాటలు ఎంత గొప్పవి! కౌసల్య పురిటి నొప్పులు పడుతుంది. పద్నాలుగేళ్లు నిద్రపోయిన ఊర్మిళ, తిరిగొచ్చిన లక్ష్మణుణ్ణి గుర్తుపట్టక పరాయి మగాడనుకుని హడలిపోతుంది. శూర్పణఖ మారువేషంలో వచ్చి రావణుడి బొమ్మ గీయమంటే సీత కాలి బొటనవేలు మాత్రమే గీస్తుంది. ఆమె చూసింది అంతే. ఆడబిడ్డ శాంత రాముణ్ణే నిలదీస్తుంది. వాల్మీకికి పట్టని ఇల్లంతా ఇక్కడుంది. 1991లో వెల్చేరు నారాయణరావు ఈ పాటల మీద ఇంగ్లీషులో రాసిన వ్యాసంతో ప్రపంచమంతా వీటిని చదువుతోంది. బ్రాహ్మణ స్త్రీల పాటలకీ బ్రాహ్మణేతర స్త్రీల పాటలకీ ఉన్న తేడాను ఆయన విడిగా చర్చించారు. ఆ తేడా దగ్గర మనం ఇంకొంచెం ఆగాలి. కోనసీమ అగ్రహారాల్లో అరుగు మీద కూర్చున్న సేకర్తకి లోపలి నుంచి మంగళహారతీ, తలుపు దగ్గర పాటా, అప్పగింతల పాటా వినిపిస్తాయి. అదే ఊళ్లో కాలువ గట్టు దాటితే ఊడ్పు చేను. అరుగు దాకా వచ్చిన కాగితం బురదలోకి దిగిన సందర్భాలు చాలా తక్కువ. దిగినచోట కూడా బూతని కొన్నిటిని వదిలేశారు, "సంస్కరించి" కొన్నిటిని మార్చారు. ఏది అచ్చుకి తగినదో నిర్ణయించింది పాడినవాళ్లు కాదు.

ఇది మనకొక్కరికే జరిగింది కాదు. 1900లో స్పెయిన్‌లో మరియా గోయ్రి, రామోన్ మెనెండెజ్ పిదాల్ అనే కొత్త దంపతులు మధ్యయుగపు వీరుడు సిద్ కథలోని ఊళ్లు చూడ్డానికి వెళ్లారు. బుర్గో దె ఓస్మా అనే ఊళ్లో బట్టలుతికే ఒకామె పాడుతున్న పాట విని మరియా ఉలిక్కిపడింది. 1497లో చనిపోయిన యువరాజు హువాన్ మీది గాథ అది. నోటి మీద బతికే ఉందన్నమాట! అక్కణ్ణుంచి మొదలైన సేకరణ పెద్ద భాండాగారమైంది. పేరు ఎక్కువగా భర్తకే వచ్చింది. గుర్తుపట్టిన మరియా చాన్నాళ్లు వెనకే ఉండిపోయింది. పాడినామె చరిత్రలో ఉత్త చాకలామె. అవే స్పానిష్ గాథలు సముద్రం దాటి న్యూ మెక్సికో పల్లెల్లోనూ బతికాయి. తండ్రి కోరికకి లొంగనన్నందుకు గదిలో బంధించబడి దాహంతో చచ్చిపోయిన దెల్గదీనా కథ అక్కడా పాడుకున్నారు. ఇంట్లో జరిగేది బయట చెప్పడానికి పాట తప్ప వేరే తోవ లేని ఆడవాళ్లు అన్ని నేలల మీదా ఉన్నారు.

మన దగ్గర స్త్రీలే సేకర్తలైన కథ కూడా ఉంది. కాకినాడలో "అనసూయ" పత్రిక నడిపిన వింజమూరి వెంకటరత్నమ్మ కూతుళ్లు అనసూయ, సీత జానపదాన్ని సభల్లోకీ, రేడియోలోకీ, గ్రామఫోను రికార్డుల్లోకీ తెచ్చారు. అంతవరకు మోటని మొహం తిప్పుకున్న మధ్యతరగతి చెవులొగ్గి విన్నది. హార్మోనియం మీదకొచ్చిన పాటకి అందం వచ్చింది కానీ వంగిన నడుం పోయింది. రాజోలు దగ్గర మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న "పాలేరు" నాటకంలో ఆ చేల మనిషికి మాటనిచ్చారు. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన "నల్లపొద్దు" దళిత స్త్రీల రచనల్ని వాళ్ల పేర్లతోనే మన ముందు పెట్టింది. పేరు పెట్టడం ఎంత పెద్ద పనో ఆ పుస్తకం చూస్తే అర్థమవుతుంది.

ఈలోగా పని మారిపోయింది. రైసుమిల్లు దంపుళ్ల పాటని మింగింది. రోజుకూలి పోయి ఎకరానికింత అని గుత్త వచ్చాక వేగమే కూలి అయింది, పాట ఎత్తుకునే తీరిక లేదు. వరి చేలు చెరువులయ్యాయి. 2011 సార్వాకి కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధర గురించి పేపర్లు రాశాయి. ఆ ఏడు ఊడ్పుల కూలి లేని ఆడవాళ్ల సంగతి రాయడానికి పెద్దగా చోటు దొరకలేదు. వాళ్ల కూతుళ్లు చాలామంది కువైట్‌కీ మస్కట్‌కీ ఇంటిపనికి వెళ్లారు. నాలుగు గోడల మధ్య ఒంటరి పని. అందుకోవడానికి పక్కన ఇంకో గొంతుండదు.

పెద్దవాళ్లని పాడమని అడిగితే కుర్చీ వేసి కూర్చోబెట్టి అడక్కూడదు. వంగితేనే వరస గుర్తొస్తుందంటారు. ఇప్పుడు ఎవరైనా రికార్డు చెయ్యబోతే ముందు ఆమెని ఇష్టమో కాదో అడగాలి. ఒప్పుకుంటే పాట కన్నా ముందు ఆమె పేరు రాయాలి, ఎవరి దగ్గర నేర్చుకుందో రాయాలి, ఆ రోజుల్లో కూలి ఎన్ని కుంచాలో రాయాలి.