కల్పిత భాషలు – ప్రజల భాషలు

కిందటి సంవత్సరం మా కళాశాల వార్షికోత్సవంలో ఒక విద్యార్థి ‘బాహుబలి’ చిత్రంలోని కాలకేయుల భాషలో నాలుగు నిమిషాలసేపు మాట్లాడి సభను ఊపివేశాడు. అతడు ఆదిలాబాదు కొండల నుంచి వచ్చిన గోండు యువకుడు. ఆ సాయంత్రం తార్నాక చౌరస్తాలో చాయ్ తాగుతూ, “ఆ భాష నేర్చుకోవడం కష్టమా?” అని అడిగాను. “పలుకుడు కష్టం కాదు సార్. తప్పు పలికితే దిద్దేటోడు లేడు. గదే కష్టం” అన్నాడు.

ఆ మాటను కేవలం వినోదానికి సంబంధించిన మాటగా తీసుకోవడానికి వీలులేదు. మన విద్యాచరిత్రలో ఒక ముఖ్యమైన ప్రశ్న దానిలో ఇమిడి ఉన్నది.

2015లో విడుదలైన ఆ చిత్రం కోసం తమిళ రచయిత మదన్ కార్కి ‘కిలికి’ అనే భాషను కల్పించాడు. సుమారు 750 మాటలతో, 40 వ్యాకరణ సూత్రాలతో దానిని నిర్మించినట్లు అప్పట్లో వార్తలు వచ్చాయి. ‘మిన్’ అంటే నేను. దానిని తిరగవేస్తే ‘నిమ్’, అంటే నువ్వు. 2020 ఫిబ్రవరి 21న, సరిగ్గా అంతర్జాతీయ మాతృభాషా దినం నాడు, లిపితో సహా ఆ భాషను నేర్చుకోగోరేవారి ముందు పెట్టారు. ఒక మనిషి బుద్ధి కూర్చిన భాష గనుక దానిలో సూత్రాలే తప్ప అపవాదాలు తక్కువ. ఆ లెక్కన అది సులభంగా రావాలి. కాని రాదు. ఎందువల్ల?

భాష అంటే మాటల పట్టిక, సూత్రాల చిట్టా మాత్రమే కాదు. మేము అనడానికీ, మనము అనడానికీ గల తేడాను తెలుగు బిడ్డకు ఏ వ్యాకరణమూ నేర్పదు. “మేము తిన్నాం, నువ్వు తినలేదు” అని అక్క ఏడిపించినప్పుడు నేర్చుకుంటుంది. కల్పిత భాషకు ఆ అక్క లేదు. యుద్ధానికి మాటలున్నవి గాని, జ్వరం వచ్చిన పిల్లవాడిని నిద్రపుచ్చడానికి మాటలు లేవు. సందేహం వస్తే అడగవలసింది ఒక్క కర్తనే. ‘స్టార్ ట్రెక్’ చిత్రాల కోసం క్లింగన్ భాషను రూపొందించిన మార్క్ ఒక్రాండ్ 1985లో నిఘంటువు ప్రకటించాడు. అందులో వాక్యం కర్మతో మొదలై కర్తతో ముగుస్తుంది. 1990లలో ఒక అమెరికన్ భాషావేత్త తన కొడుకుతో మూడేళ్లపాటు ఆ భాషలోనే మాట్లాడాడు. పిల్లవాడు మాత్రం ఇంగ్లీషులోనే స్థిరపడ్డాడు. చుట్టూ ఉన్న లోకం ఆ భాషలో లేదు మరి.

దీనికి భిన్నంగా, 1887లో జామెన్హాఫ్ ప్రకటించిన ఎస్పెరాంటో నిలిచింది. దేశాల హద్దులు దాటి మాట్లాడుకోవాలన్న కోరిక గలవారు, కార్మికులతో సహా, దానిని తమదిగా చేసుకున్నారు. హిట్లర్ పాలనలోనూ, 1937–38లో సోవియట్ దేశంలోనూ వారు అణచివేతకు గురైనా ఆ భాష చావలేదు. కనుక కల్పన దోషం కాదు. ఎవరి అవసరం కోసం కల్పించారు, ఎవరు వాడుతున్నారు అన్నదే అసలు ప్రశ్న.

ఇక మన ప్రాంగణం సంగతి చూద్దాం. నేను ఎం.ఏ. చదివిన ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో స్థాపితమైంది. అంతకు ముందు ఏడాదే, 1917లో, అనువాద శాఖ ఏర్పడింది. మౌల్వీ అబ్దుల్ హక్ దానికి తొలి అధిపతి. వైద్యం, ఇంజనీరింగు, రసాయనం – అన్నిటికీ ఉర్దూలో పరిభాష కల్పించవలసి వచ్చింది. వేల మాటలు పండితుల సంఘాలలో పుట్టాయి. పరిభాష కల్పించే పద్ధతి మీద వహీదుద్దీన్ సలీం 1921లో ఒక గ్రంథమే రాశాడు. ఇంగ్లీషు రాజ్యమేలుతున్న కాలంలో ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య సాధ్యమేనని రుజువు చేయడం చిన్న విషయం కాదు. ఆ ఘనతను కాదనేవారు చరిత్రకు అన్యాయం చేసినవారవుతారు.

కాని నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. హైదరాబాదు రాజ్యంలో దాదాపు సగంమంది తెలుగువారు. ఉర్దూ మాతృభాషగా గలవారు పదోవంతు ప్రాంతం. నల్లగొండ, వరంగల్లు పల్లెల నుంచి వచ్చిన విద్యార్థి మొదట ఉర్దూ నేర్చుకోవాలి. ఆ పైన ఉర్దూ మాట్లాడేవారి ఇళ్లలో సైతం వినబడని అరబ్బీ, ఫార్సీ పరిభాషను కంఠస్థం చేయాలి. 1948 తరువాత ఉర్దూ స్థానంలో ఇంగ్లీషు వచ్చింది. పల్లె విద్యార్థి మాత్రం ఉన్నచోటనే ఉండిపోయాడు.

తెలుగువారమైన మనం ఈ తప్పుకు అతీతులమని గర్వించనక్కరలేదు. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి కళాశాల పాఠ్యగ్రంథాలను తెలుగులో తెచ్చింది. అది అవసరమైన పని, ప్రగతిశీలమైన పని. అయితే ‘కిరణజన్య సంయోగక్రియ’ అనే మాటను నేను బడిలో ఎన్ని రోజులు వల్లె వేశానో నాకే తెలుసు. ఆకు ఎండతో అన్నం వండుకుంటుందని మా నాన్నతో చెబితే ఆయనకు క్షణంలో అర్థమైంది. ఆ మాట మాత్రం ఆయనకు ఎన్నడూ నోరు తిరగలేదు. పరిభాష అక్కరలేదని కాదు నా వాదం. ప్రజల నోట ఉన్న మాటను వెదకకుండానే సంస్కృత ధాతువుల దగ్గరకు పరుగెత్తే అలవాటునే నేను విమర్శిస్తున్నాను.

ఆ వెదుకులాటకూ మనకు ఆదర్శం లేకపోలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటం 1962లో వెలువడింది. చేనేత సంపుటం 1971లో వచ్చింది. నాగలిలోని ప్రతి భాగానికీ, మగ్గంలోని ప్రతి పనిముట్టుకూ రైతులు, నేతగాళ్లు వాడే మాటలను జిల్లాలవారీగా సేకరించిన గ్రంథం అది. ఇక్కడ భాషకు కర్త పండితుడు కాదు, శ్రమజీవి. పండితుడు అతని ఎదుట పలక పట్టుకుని కూర్చున్నాడు. కృష్ణమూర్తి గారు 1962 నుంచి ఉస్మానియాలోనే భాషాశాస్త్ర శాఖను తీర్చిదిద్దారు.

మళ్లీ మా విద్యార్థి దగ్గరకు వద్దాం. “మీ గోండీలో ఎందుకు మాట్లాడలేదు?” అని అడిగాను. కొంతసేపు కప్పులోకి చూసి, “కిలికి మాట్లాడితే చప్పట్లు కొడ్తరు సార్. మా అవ్వ భాషల మాట్లాడితే నవ్వుతరు” అన్నాడు.

కిలికిని తెరమీద ఎవరి నోట పెట్టారో జ్ఞాపకం చేసుకోవాలి. కాలకేయులు నల్లని ఒళ్లు గలవారు, క్రూరులు, నాగరికులపై దండెత్తినవారు. ఆ భాష భయం పుట్టించడానికి కల్పితమైంది. దాని కర్త నైపుణ్యాన్ని నేను తక్కువ చేయడం లేదు. కాని ‘అర్థంకాని భాష మాట్లాడే నల్లవాడు’ అనే బొమ్మను చూసి కేకలు వేసిన సభలో, అర్థంకాని భాష నిజంగా మాట్లాడే యువకుడు తన భాషను దాచుకుని కూర్చున్నాడు. ఇది యాదృచ్ఛికమని నేను అనుకోను.

2011 జనాభా లెక్కల ప్రకారం గోండీ మాట్లాడేవారు సుమారు 30 లక్షలమంది. అయినా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో ఆ భాషకు చోటు లేదు. 1940లో కుమ్రం భీం నేలకొరిగిన తరువాత గోండుల స్థితిగతులను పరిశీలించిన హైమండార్ఫ్, 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం పెట్టించాడు. గోండీలో వాచకాలు తయారైనాయి. తరువాత ఆయన ఉస్మానియాలోనే మానవశాస్త్ర ఆచార్యుడుగా ఉన్నాడు. ఆ బడుల ప్రయత్నం నిలవలేదు. నార్నూరు మండలం గుంజాల గ్రామంలో గోండీకి సొంత లిపి గల రాతప్రతులు బయటపడ్డాయి. 2018లో ఆ లిపి యూనికోడులో చేరింది. యంత్రానికి లిపి అందింది. బడిలోని బిడ్డకు ఎప్పుడు అందుతుంది?

సినిమా భాష నేర్చుకున్న విద్యార్థిని మనం మందలించనక్కరలేదు. లేని ప్రజల భాషను నేర్చుకోగల ఓపిక మన యువకులకు ఉన్నదని అతడు నిరూపించాడు. ఆ ఓపికకు ఉన్న ప్రజల వైపు దారి చూపడం ఉపాధ్యాయులుగా మన విధి. ప్రతి తెలుగు శాఖలోనూ గోండీ, కోయ, కొలామీ పిల్లలు తమ ఇంటి మాటలను రాసి తెచ్చే ఏర్పాటు జరగాలి. వాటిని పరీక్షకు వ్యాసంగా అంగీకరించాలి. దీనికి డబ్బు కన్న మనసు ముఖ్యం.

దసరా సెలవుల తరువాత ఆ యువకుడు వాళ్ల నాయనమ్మ చెప్పిన మాటలు, విత్తనాలవీ, పనిముట్లవీ, నలభైదాకా రాసి తెచ్చాడు. నేను చదవడానికి ప్రయత్నించాను. మొదటి మాటకే మూడుసార్లు దిద్దాడు.